ఎక్కువ పవర్ సీబీ రేడియో కావాలి, ఎఫ్‌సీసీ రూల్స్ దాటకూడదు: ఏది కొనాలి?

#1 దారిదీపం
అందరికీ నమస్కారం. మూడు బండ్లు కలిసి వెళ్ళే ప్రయాణాలకు సీబీ (సిటిజన్స్ బ్యాండ్, మామూలు జనం మాట్లాడుకునే 27 మెగాహెర్ట్జ్ రేడియో) పెట్టిద్దామనుకుంటున్నాం. ఒకటి 2019 ఎఫ్-150, ఒకటి జీప్ రాంగ్లర్ జేఎల్, మూడోది ఫైబర్‌గ్లాస్ బాడీ ఆర్‌వీ. హైవే మీద ట్రక్కర్లు చెప్పుకునేది వినాలి. సెల్ సిగ్నల్ లేని చోట మా బండ్లు ఐదారు మైళ్ళ ఎడంలో మాట్లాడుకోగలగాలి. ఆన్‌లైన్‌లో వెతికితే ఒకదాని మీద 4 వాట్లు, ఇంకోదాని మీద 12, కొన్నిటి మీద 50, 80 కూడా ఉన్నాయి. అన్నిటినీ సీబీ అనే అమ్ముతున్నారు. వీటిలో ఏది చట్టప్రకారం వాడొచ్చు? అందులో ఎక్కువ పవర్ ఉన్నది ఏది?

#2 కోయాక్స్‌శాస్త్రి
దారిదీపం గారూ, ముందు హద్దు ఎక్కడుందో చూద్దాం. అమెరికాలో సీబీకి అక్కడి రేడియో నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ రూల్స్‌లోని పార్ట్ 95, సబ్‌పార్ట్ డి వర్తిస్తుంది. పవర్ సంగతి 95.967లో ఉంది: ఏఎం, ఎఫ్‌ఎం అయితే క్యారియర్ (మూల తరంగం) 4 వాట్లు, ఎస్‌ఎస్‌బీ (సింగిల్ సైడ్‌బ్యాండ్, క్యారియర్ లేకుండా మాట మాత్రమే పంపే పద్ధతి) అయితే పీక్ ఎన్వలప్ పవర్ (మాట గట్టిపడ్డ క్షణంలో ఉండే గరిష్ఠ పవర్) 12 వాట్లు. అంతకు మించి ఏ సీబీకీ అనుమతి లేదు. కాబట్టి చట్టబద్ధమైన సీబీల్లో "ఎక్కువ పవర్" అంటే ఎస్‌ఎస్‌బీ ఉన్న సెట్ అనే అర్థం. మామూలు ఏఎం సెట్లలో చవకదీ ఖరీదుదీ ఒకే 4 వాట్లు. ఎక్కువ ఇచ్చిన డబ్బుకు మెరుగైన రిసీవర్, నాయిస్ బ్లాంకర్, గట్టి మైకు, డిస్‌ప్లే వస్తాయి.

బాక్స్ మీది అంకెల్లో చాలావరకు వేరే వాట్లు. "7 వాట్లు" అని ఉంటే స్పీకర్ ఆడియో కావచ్చు. "5 వాట్లు" అనేది పాత లెక్క, చివరి స్టేజికి లోపలికి వెళ్ళే కరెంటు తాలూకుది, బయటికి వచ్చేది మళ్ళీ 4 లోపే. ఏఎంలో 4 వాట్ల క్యారియర్‌ను వంద శాతం మాడ్యులేట్ చేస్తే పీక్ 16 వాట్లు అవుతుంది. ఆ 16ను పెద్ద అక్షరాలతో వేసేవాళ్ళూ ఉన్నారు. అది అబద్ధం కాదు గానీ, పక్క షాపులో "4 వాట్లు" అని ఉన్నదానికీ దీనికీ తేడా ఏమీ లేదు.

50, 80 వాట్లవి సీబీలు కావు. అవి "10 మీటర్ రేడియో" పేరుతో వచ్చేవి. హామ్‌ల (పరీక్ష రాసి లైసెన్స్ తీసుకున్న అభిరుచి రేడియోవాళ్ళ) 10 మీటర్ బ్యాండ్ 28.000 నుంచి 29.700 మెగాహెర్ట్జ్. లోపల ఒక జంపర్ మార్చినా, ఒక తీగ కత్తిరించినా, ఆన్ చేసేటప్పుడు రెండు బటన్లు కలిపి నొక్కినా ఇవి 27 మెగాహెర్ట్జ్‌లోకి దిగిపోతాయి. అంత తేలిగ్గా మారిపోయేదాన్ని ఎఫ్‌సీసీ సీబీ ట్రాన్స్‌మిటర్‌గానే లెక్కిస్తుంది. సీబీ సర్టిఫికేషన్ లేదు కాబట్టి అమ్మడమూ తప్పే, సీబీ ఛానళ్ళలో వాడడమూ తప్పే. హామ్ లైసెన్స్ ఉన్నా సీబీ ఛానల్‌లో దాన్ని వాడకూడదు.

#3 ఛానల్19
కొనేముందు సెట్ వెనకాల లేబుల్ మీద ఎఫ్‌సీసీ ఐడీ ఉందో లేదో చూడండి అన్నా. ఆ ఐడీని ఎఫ్‌సీసీ సైట్‌లో కొడితే గ్రాంట్ పేజీ వస్తుంది. అందులో రూల్ పార్ట్ 95డి అనీ, ఫ్రీక్వెన్సీ 26.965 నుంచి 27.405 అనీ, అవుట్‌పుట్ 4 వాట్లకు అటూ ఇటుగా (ఎస్‌ఎస్‌బీ ఉంటే 12 దాకా) ఉంటే అది సీబీ. ఐడీ ఉన్నంత మాత్రాన సరిపోదు, పార్ట్ 15 కింద వచ్చిన ఐడీ కూడా లేబుల్ మీద అలాగే కనిపిస్తుంది. గ్రాంట్ పేజీ తెరిచి చూడాల్సిందే.

ఎస్‌ఎస్‌బీ ఉన్న సీబీల్లో ఎక్కువగా వినిపించే పేర్లు: యూనిడెన్ బేర్‌క్యాట్ 980ఎస్‌ఎస్‌బీ, ప్రెసిడెంట్ మెకిన్లీ, గెలాక్సీ డీఎక్స్-959, కోబ్రా 148 జీటీఎల్. ఒకే మోడల్ పేరు మీద ఎగుమతి వెర్షన్ వేరేగా ఉండొచ్చు, అందుకే పేరు కాదు, లేబుల్ చూడమంటున్నాను.

#4 బిగ్‌వాట్స్
రూల్స్ సరే గానీ, రోడ్డు మీద సగంమంది లీనియర్ (పవర్ పెంచే బయటి యాంప్లిఫయర్) పెట్టుకునే తిరుగుతున్నారు. 4 వాట్లతో ఎవరికి వినపడుతుంది? 100 వాట్ల చిన్న యాంప్లిఫయర్ పెడితే సమస్య తీరిపోతుంది కదా. పట్టుకునేదెవరు?

#5 ఎస్‌మీటర్
బిగ్‌వాట్స్ అన్నా, చట్టం పక్కన పెట్టి లెక్క మాత్రమే చూద్దాం. అవతలి సెట్ సిగ్నల్ మీటర్ మీద ఒక గీత, అంటే ఒక ఎస్ యూనిట్, 6 డీబీ (డెసిబెల్), అంటే పవర్ నాలుగింతలు. 4 నుంచి 16 వాట్లకు వెళ్తే సూది ఒక గీత కదులుతుంది. 4 నుంచి 100కు వెళ్తే 14 డీబీ, రెండు గీతల మీద కొంచెం. పవర్ ఇరవై అయిదింతలైంది, అవతలివాడికి ఎస్3 ఉన్నది ఎస్5 అయింది. ఇక మీకు వినపడేది? అంగుళం కూడా పెరగలేదు. మీ మాట అయిదు మైళ్ళు పోయి, ఎదుటివాడి 4 వాట్ల జవాబు మీ బండి నాయిస్‌లో మునిగిపోతే సంభాషణ ఎక్కడుంది?

యాంటెన్నా అలా కాదు. దానిలో దొరికిన ప్రతి డీబీ పంపేటప్పుడూ వస్తుంది, వినేటప్పుడూ వస్తుంది. పైగా సీబీలో పరిమితి ట్రాన్స్‌మిటర్ అవుట్‌పుట్‌కే. యాంటెన్నా గెయిన్ మీద పరిమితి లేదు. ఇంటి మీద మూడు ఎలిమెంట్ల యాగీ (ఒక దిక్కుకు గురిపెట్టే యాంటెన్నా) పెట్టినా చట్టబద్ధమే. అసలు వెసులుబాటు ఇంత పెద్దగా ఇక్కడ ఉంటే లీనియర్ వెంట పడడం ఎందుకు?

చట్టం సంగతి మళ్ళీ: సీబీకి బయటి ఆర్‌ఎఫ్ యాంప్లిఫయర్ ఏ పరిమాణంలోనూ అనుమతి లేదు, 4 వాట్లను 10 చేసేది కూడా. అడిగితే స్టేషన్‌ను తనిఖీకి చూపించాలని రూల్స్‌లోనే ఉంది. జరిమానా, పరికరాల జప్తు రెండూ జరుగుతాయి.

#6 మోడరేటర్
లీనియర్ బిగించే విధానం, 10 మీటర్ సెట్లను 27లోకి తెరిచే విధానం ఈ చర్చలో పెట్టకండి. మిగతాదంతా కొనసాగించండి.

#7 దారిదీపం
అర్థమైంది. అయితే రెండు సందేహాలు. ఎస్‌ఎస్‌బీతో నిజంగా అంత తేడా ఉంటుందా? ఎఫ్‌ఎం కూడా ఉన్న సెట్లు వస్తున్నాయి కదా, అవి తీసుకోవాలా?

#8 ఎస్‌మీటర్
ఉంటుంది. ఏఎంలో 4 వాట్ల క్యారియర్‌లో మాట ఏమీ ఉండదు, అది ఖాళీ బండి. వంద శాతం మాడ్యులేషన్‌లో క్యారియర్‌కు పైనా కిందా ఉండే రెండు సైడ్‌బ్యాండ్‌లూ కలిపి 2 వాట్లు, ఒక్కో దానిలో 1 వాట్. మాట ఉన్నది అక్కడే. ఎస్‌ఎస్‌బీ క్యారియర్‌నూ ఒక సైడ్‌బ్యాండ్‌నూ తీసేసి, ఉన్న పవరంతా మిగిలిన సైడ్‌బ్యాండ్‌లోకే పంపుతుంది. బ్యాండ్‌విడ్త్ దాదాపు సగమైంది కాబట్టి అవతలి రిసీవర్‌లోకి చేరే నాయిస్ కూడా సగమే. చట్టం లోపల దొరికే పవర్ పెంపు ఇదొక్కటే, దీన్ని వదులుకోవద్దు.

ఒక షరతు: రెండు వైపులా ఎస్‌ఎస్‌బీ ఉండాలి, ఇద్దరూ ఒకే సైడ్‌బ్యాండ్‌లో ఉండాలి. ఒకరు ఎల్‌ఎస్‌బీ (కింది సైడ్‌బ్యాండ్), ఒకరు యూఎస్‌బీ (పై సైడ్‌బ్యాండ్) పెట్టుకుంటే ఒక్క మాటా తెలియదు. ఒకే సైడ్‌బ్యాండ్‌లో ఉండి కూడా గొంతు బాతు కూతలా వస్తే క్లారిఫయర్ నాబ్‌ను కొంచెం కొంచెం తిప్పండి, సరిగ్గా కూర్చుంటుంది. సర్టిఫై అయిన సెట్లలో క్లారిఫయర్ వినే ఫ్రీక్వెన్సీనే మారుస్తుంది, పంపేదాన్ని మార్చదు. దాన్ని "అన్‌లాక్" చేస్తామని షాపువాళ్ళు అంటారు. ఒప్పుకోవద్దు, అది సెట్ లోపలి మార్పు, దాంతో సర్టిఫికేషన్ పోతుంది.

ఎస్‌ఎస్‌బీవాళ్ళు అలవాటుగా 36 నుంచి 40 ఛానళ్ళలో ఎల్‌ఎస్‌బీ మీద ఉంటారు. ఎక్కువమంది పిలుచుకునేది 38 ఎల్‌ఎస్‌బీలో, 27.385.

ఎఫ్‌ఎంకు ఎఫ్‌సీసీ 2021లో అనుమతి ఇచ్చింది. దగ్గర్లో మీ మూడు బండ్ల మధ్య మాటకు బాగుంటుంది: స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు హోరును ఆపేది) శుభ్రంగా మూస్తుంది, ఇంజిన్ చప్పుళ్ళు తగ్గుతాయి. సిగ్నల్ బలహీనపడితే మాత్రం ఎస్‌ఎస్‌బీ వినపడే చోట ఎఫ్‌ఎం తెగిపోతుంది. ట్రక్కర్లు ఉండేది 19లో ఏఎం మీద, ఎఫ్‌ఎంలో పెట్టుకుని వాళ్ళ కోసం ఎదురుచూడకండి. ఏఎం, ఎస్‌ఎస్‌బీ ఉన్నది తీసుకోండి, ఎఫ్‌ఎం కలిసి వస్తే మంచిదే.

#9 ఛానల్19
"పీక్ అండ్ ట్యూన్" గురించి కూడా చెప్పాలి. కొత్త సెట్ కొంటే దానితో పాటు చేసిస్తామంటారు. చేసేది ఏంటంటే, మాడ్యులేషన్ లిమిటర్‌ను తెంచడం లేదా ప్రీసెట్ పూర్తిగా తిప్పేయడం. మాడ్యులేషన్ వంద శాతం దాటగానే క్యారియర్ మధ్యమధ్యలో సున్నాకు తెగుతుంది, ఆ తెగిన అంచుల నుంచి చెత్త పక్క ఛానళ్ళలో పడుతుంది. సీబీ ఛానళ్ళ మధ్య ఎడం చాలావరకు 10 కిలోహెర్ట్జ్ మాత్రమే. 19లో ఒకడు ఇలా అరిస్తే 18, 20 రెండూ పాడైపోతాయి. మీటర్ మీద సూది ఎక్కువ ఊగుతుంది, అవతల మాట మాత్రం బొంగురుగా అర్థంకాకుండా పోతుంది. మాట స్పష్టంగా వెళ్ళాలంటే మైకు నోటికి రెండు మూడు అంగుళాల దూరంలో, కొంచెం పక్కకు పెట్టి మామూలు గొంతుతో మాట్లాడితే చాలు.

#10 కోయాక్స్‌శాస్త్రి
ఇక అసలు పని, యాంటెన్నా. ఛానల్ 19లో తరంగదైర్ఘ్యం 11 మీటర్లు, క్వార్టర్ వేవ్ 2.75 మీటర్లు, అంటే 9 అడుగులు. 102 అంగుళాల స్టీలు విప్, కింద 6 అంగుళాల స్ప్రింగ్ కలిస్తే సరిగ్గా అంతే. బండి మీద దీన్ని మించినది లేదు. రెండడుగుల యాంటెన్నా నుంచి దీనికి మారితే వచ్చే లాభం పవర్ మూడింతలు చేసినదానికి తక్కువేం కాదు. బంపర్ మీద పెట్టినా 11 అడుగుల ఎత్తుకు పోతుంది, పార్కింగ్ గ్యారేజీలకు కుదరదు. అలాంటప్పుడు 4 అడుగుల ఫైబర్‌గ్లాస్ యాంటెన్నా, చివర ట్యూనింగ్ స్క్రూ ఉన్నది, మధ్యేమార్గం.

మీ ఎఫ్-150: 2015 మోడల్ నుంచి దాని బాడీ అల్యూమినియం. మ్యాగ్నెట్ మౌంట్ అంటుకోదు. అల్యూమినియం గ్రౌండ్ ప్లేన్‌గా (యాంటెన్నా కింద ఉండాల్సిన లోహపు పరుపుగా) మాత్రం చక్కగా పనిచేస్తుంది, కాబట్టి హుడ్ అంచు బ్రాకెట్ గానీ, పైకప్పులో రంధ్రం చేసి ఎన్‌ఎంఓ మౌంట్ గానీ పెట్టండి. బ్రాకెట్ కింద స్టార్ వాషర్ వేసి పెయింట్ కొరుక్కునేలా బిగించాలి. స్టెయిన్‌లెస్ బోల్టు, జాయింట్ పైన డైఎలెక్ట్రిక్ గ్రీజు ఉంటే తుప్పు పట్టదు.

రాంగ్లర్: అందరూ వెనక స్పేర్ టైర్ దగ్గర పెడతారు. ఇబ్బంది ఏంటంటే ఆ గేటు కీళ్ళ మీద వేలాడుతుంది, కీళ్ళు మంచి గ్రౌండ్ కావు, బ్రాకెట్‌కు పౌడర్ కోటింగ్ ఉంటుంది. గేటు నుంచి బాడీకి అల్లిన రాగి పట్టీ ఒకటి వేయండి, రెండు చివర్లా పెయింట్ గీకి. తర్వాత మల్టీమీటర్‌తో యాంటెన్నా మౌంట్ నుంచి బ్యాటరీ నెగటివ్ వరకు కొలవండి, మీటర్ తీగల నిరోధం తీసేశాక అర ఓమ్ లోపు ఉండాలి. యాంటెన్నా కనీసం సగం పైకప్పుకు పైన ఉండేలా చూడండి. వెనక ఎడమ మూలన పెడితే సిగ్నల్ ముందు కుడి వైపుకు బలంగా పోతుంది, అటువైపే ఎక్కువ లోహం ఉంది కాబట్టి.

ఆర్‌వీ: ఫైబర్‌గ్లాస్‌లో గ్రౌండ్ ప్లేన్ లేదు. మామూలు యాంటెన్నాను ఎంత ట్యూన్ చేసినా ఎస్‌డబ్ల్యూఆర్ (పంపిన పవర్‌లో ఎంత వెనక్కు వస్తోందో చెప్పే అంకె) దిగదు. "నో గ్రౌండ్ ప్లేన్" కిట్ కొనండి. దాంట్లో యాంటెన్నా, మౌంట్, కోయాక్స్ (యాంటెన్నాను రేడియోకు కలిపే కేబుల్) జతగా వస్తాయి. ఆ కోయాక్స్ కూడా యాంటెన్నాలో భాగమే, కత్తిరించకండి, మామూలు దానితో మార్చకండి. మిగిలిన పొడవును చిన్న చుట్టగా గట్టిగా చుట్టకుండా, అడుగు పొడవు వదులు మడతలుగా పెట్టండి.

#11 దారిదీపం
ఎస్‌డబ్ల్యూఆర్ ఎలా కొలవాలో కొంచెం వివరంగా చెప్పగలరా? మీటర్ మాత్రం ఉంది.

#12 కోయాక్స్‌శాస్త్రి
చెప్తాను, ఇక్కడ తొందరపడితే ఫైనల్ ట్రాన్సిస్టర్ కాలుతుంది.

మైకు నొక్కకముందే మల్టీమీటర్‌తో కోయాక్స్ చూడండి. యాంటెన్నా విప్పి, కేబుల్ చివరి ప్లగ్ (పీఎల్-259) మధ్య పిన్నుకూ బయటి రింగుకూ మధ్య కంటిన్యూయిటీ ఉండకూడదు. ఉంటే ప్లగ్ లోపల షీల్డ్ పోగు ఒకటి పిన్నును తాకుతోందని అర్థం. (యాంటెన్నా తగిలించి ఉంటే, కొన్ని బేస్ కాయిల్ యాంటెన్నాలు డీసీకి షార్ట్‌గా చూపిస్తాయి, అది తప్పు కాదు.)

బండిని బయట ఖాళీ స్థలంలో ఆపండి, గోడలకూ ఇతర బండ్లకూ కనీసం పది పదిహేను అడుగులు. తలుపులు మూసి, మనుషులు దూరంగా నిలబడి. మీటర్‌ను రేడియోకూ యాంటెన్నాకూ మధ్య పెట్టండి, రేడియో నుంచి మీటర్‌కు మూడడుగుల లోపు జంపర్. సెట్‌ను ఏఎంలో పెట్టాలి. ఎస్‌ఎస్‌బీలో మాట్లాడకపోతే క్యారియరే ఉండదు, కొలత రాదు. ఛానల్ ఖాళీగా ఉందో లేదో విని, స్విచ్ ఫార్వర్డ్‌లో ఉంచి మైకు నొక్కి సూదిని సెట్ గీతకు తెచ్చి, రిఫ్లెక్టెడ్‌కు మార్చి చదవండి. ప్రతి ఛానల్‌కూ సెట్ గీత మళ్ళీ సరిచేయాలి. చాలామంది ఇది వదిలేస్తారు, అంకెలు తప్పొస్తాయి.

1, 19, 40 ఛానళ్ళలో చదవండి. 40లో ఎక్కువ, 1లో తక్కువ ఉంటే యాంటెన్నా పొడవైంది, తగ్గించాలి. 1లో ఎక్కువ, 40లో తక్కువ ఉంటే పొట్టిది, పెంచాలి. రెండు చివర్లా సమానంగా, మధ్యలో కాస్త తక్కువగా ఉంటే కుదిరినట్టే. ట్యూనింగ్ స్క్రూను ఒక్కసారికి ఒకటి రెండు చుట్లే తిప్పండి. స్టీలు కడ్డీ కత్తిరించాల్సి వస్తే పావు అంగుళం కంటే ఎక్కువ తీయకండి.

మూడింటిలోనూ 3 కంటే ఎక్కువ ఉంటే పొడవుతో సంబంధం లేదు. గ్రౌండ్ లేదు, లేదా షార్ట్ ఉంది, లేదా మౌంట్‌లోని నైలాన్ వాషర్ తప్పు వైపు పడింది. ట్యూన్ చేయడం ఆపి అవి చూడండి.

1.5 అంటే వెనక్కు వచ్చేది 4 శాతం, 2 అంటే 11 శాతం, 3 అంటే 25 శాతం. 1.5 చేరాక 1.1 కోసం సాయంత్రం అంతా కూర్చోనక్కర్లేదు, అవతలివాడికి ఆ తేడా వినపడదు. 2 దాటితే ఎక్కువసేపు మాట్లాడొద్దు.

#13 ఛానల్19
ఇంకోటి. ఎస్‌ఎస్‌బీలో మాట్లాడుతూ మామూలు వాట్‌మీటర్ చూసి "4 వాట్లు కూడా రావట్లేదు, సెట్ పాడైంది" అని తిరిగి పంపేస్తారు. చవక మీటర్ సగటును చూపిస్తుంది, పీక్‌ను కాదు. యాంటెన్నా బదులు 50 ఓమ్‌ల డమ్మీ లోడ్ తగిలించి మైకులోకి ఒకే స్వరంతో ఈల వేయండి, సూది 12 దగ్గరకు వస్తే సెట్ బాగుంది.

#14 ఆర్‌వీపక్షి
ఇంటి మీద యాంటెన్నాకు ఎత్తు పరిమితి ఉందా?

#15 కోయాక్స్‌శాస్త్రి
ఉంది. యాంటెన్నా పై కొస, దాన్ని బిగించిన భవనం లేదా చెట్టు శిఖరం కంటే 20 అడుగులకు మించకూడదు, లేదా నేల నుంచి 60 అడుగులకు మించకూడదు. విమానాశ్రయం దగ్గరైతే ఇంకా తక్కువ. కరెంటు తీగల నుంచి, స్తంభం మొత్తం పొడవునా పక్కకు వాలి పడినా తగలనంత దూరం వదలండి. డిష్ యాంటెన్నాకు హెచ్‌ఓఏ (ఇళ్ళ యజమానుల సంఘం) అడ్డుపడకుండా కాపాడే ఫెడరల్ రూల్ సీబీకి వర్తించదు, కమిటీని ముందే అడగండి. ఇంటి పైకి కేబుల్ పొడవు వంద అడుగులు ఉంటే సన్నని ఆర్‌జీ-58 కేబుల్‌లో 2 డీబీకి పైనే పోతుంది, లావుపాటి ఆర్‌జీ-213లో దాదాపు 1. బండిలో 18 అడుగులకు ఆ తేడా పట్టించుకోనక్కర్లేదు.

#16 బిగ్‌వాట్స్
ఎస్‌మీటర్ అన్నా, లెక్క ఒప్పుకుంటున్నాను. కానీ కొండల్లో నిజంగా ఎక్కువ పవర్ కావాలనుకునేవాడికి చట్టం లోపల దారే లేదా?

#17 ఎస్‌మీటర్
ఉంది, సీబీలో కాదు. జీఎంఆర్‌ఎస్ (కుటుంబానికి ఒక లైసెన్స్‌తో వాడుకునే మరో రేడియో సేవ) చూడండి. 462 మెగాహెర్ట్జ్ ప్రధాన ఛానళ్ళలో 50 వాట్ల వరకు, రిపీటర్లూ (సిగ్నల్‌ను అందుకుని మళ్ళీ పంపే స్టేషన్లు) వాడుకోవచ్చు. లైసెన్స్ ఫీజు 35 డాలర్లు, పదేళ్ళు చెల్లుతుంది, పరీక్ష లేదు, 18 ఏళ్ళు నిండాలి. పౌరసత్వం అక్కర్లేదు, విదేశీ ప్రభుత్వ ప్రతినిధులకు మాత్రం ఇవ్వరు. ముందు ఎఫ్‌సీసీ దగ్గర ఎఫ్‌ఆర్‌ఎన్ అనే రిజిస్ట్రేషన్ నంబరు తీసుకుని అప్లై చేయాలి. ఒకరి లైసెన్స్ భార్యాభర్తలకు, పిల్లలకు, అమ్మానాన్నలకు, అన్నదమ్ములకు, మేనమామలకు, అత్తింటివాళ్ళకు సరిపోతుంది. స్నేహితుడి బండి ఉంటే అతను వేరే తీసుకోవాలి. కాల్ సైన్ చెప్పడం తప్పనిసరి. ఒకటి గుర్తుంచుకోండి, ఇది యూహెచ్‌ఎఫ్: కొండ అడ్డమైతే 50 వాట్లైనా ఆగిపోతుంది, ఎత్తులో రిపీటర్ ఉంటే 5 వాట్ల చేతి సెట్ కూడా దూరం పోతుంది.

ఇంకా కావాలంటే హామ్ టెక్నీషియన్ లైసెన్స్. పరీక్షలో 35 ప్రశ్నల్లో 26 సరిగా రావాలి. వస్తే 10 మీటర్లలో 28.300 నుంచి 28.500 వరకు ఎస్‌ఎస్‌బీ 200 వాట్లు. పైన శాస్త్రి గారు వద్దన్న 10 మీటర్ సెట్ల పవర్‌కు చట్టం చోటిచ్చిన బ్యాండ్ అదే. కానీ అక్కడ ట్రక్కర్లు ఉండరు.

#18 దారిదీపం
అయితే మూడు బండ్లకూ ఎస్‌ఎస్‌బీ సీబీ, కుటుంబానికి జీఎంఆర్‌ఎస్ లైసెన్స్ ఒకటి. వైరింగ్ ఎలా చేయాలో చెప్తే పని మొదలుపెడతాం. సిగరెట్ లైటర్ సాకెట్ చాలదా?

#19 కోయాక్స్‌శాస్త్రి
కరెంటు చాలుతుంది, 2, 3 ఆంప్స్‌కు మించదు. కానీ ఆ సాకెట్ నుంచి ఛార్జర్ల నాయిస్ అంతా సెట్‌లోకి వస్తుంది. 14 గేజ్ తీగతో నేరుగా బ్యాటరీ నుంచి లాగండి. పాజిటివ్ మీద బ్యాటరీకి అడుగు లోపల ఫ్యూజు, సెట్ మాన్యువల్‌లో చెప్పిన విలువే. ఫైర్‌వాల్ దాటే చోట రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లేకపోతే రేకు అంచు తీగను కోస్తుంది. నెగటివ్‌ను బ్యాటరీ టెర్మినల్‌కు కాకుండా, బ్యాటరీ గ్రౌండ్ తీగ బాడీకి కలిసే చోట కలపండి. కొత్త బండ్లలో నెగటివ్ టెర్మినల్ మీద కరెంటు సెన్సర్ ఉంటుంది, దాన్ని దాటేసి కలిపితే ఛార్జింగ్ లెక్క తప్పుతుంది.

నాయిస్ ఎక్కడిదో తేల్చడానికి ఇంజిన్ ఆపి, తాళం యాక్సెసరీలో ఉంచి వినండి. అప్పుడూ ఉంటే యూఎస్‌బీ ఛార్జర్లు, డ్యాష్‌క్యామ్, ఎల్‌ఈడీ బార్ ఒక్కొక్కటే తీసేస్తూ పోండి. ఇంజిన్ వేగంతో పాటు స్వరం పెరిగే ఈల ఆల్టర్నేటర్‌ది, టిక్ టిక్ మంటే ఇగ్నిషన్. దోషి తీగ దొరికాక నాయిస్ ఆపే 31 మిక్స్ ఫెరైట్ రింగులో దాన్ని నాలుగైదు చుట్లు తిప్పండి, ఒకే చుట్టుతో 27 మెగాహెర్ట్జ్‌లో పెద్దగా తగ్గదు.

#20 ఛానల్19
9వ ఛానల్ అత్యవసరానికీ, దారిలో ఇరుక్కున్నవాళ్ళ సాయానికీ మాత్రమే. మీ మాటలకు 19 కాకుండా ఇంకేదైనా తీసుకోండి. ఒక సంభాషణ వరసగా 5 నిమిషాలు దాటకూడదు, తర్వాత నిమిషం ఆగాలి. పగటిపూట స్కిప్ (తరంగాలు ఆకాశం నుంచి తిరిగి దూరంగా పడడం) పెరిగి వందల మైళ్ళ అవతలి గొంతులు మీద పడుతుంటే స్క్వెల్చ్ పెంచి, ఆర్‌ఎఫ్ గెయిన్ తగ్గించండి. పక్క బండి సిగ్నల్ బలంగానే ఉంటుంది కాబట్టి అది పోదు.